ఐసు పెట్టెలో గుర్దాలు

"ఫ్రిజ్‌లో పెట్టింది తినడానిక్కాకపోతే ఇంకెందుకే? చూసుకోడానికా?"

బీబీ ఈ మాట అనడం ఆ పొద్దున నాలుగోసారి. ఆమె చేతిలో మిరియాల డబ్బా ఉంది, పొయ్యి మీద బాణలి వేడెక్కి పొగలొస్తోంది. వంటింటి గుమ్మంలో మనవరాలు అంజుమ్ స్టీలు గిన్నెను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గిన్నెలో నాలుగు మేక గుర్దాలు, అంటే కిడ్నీలు, ఉన్నాయి. నిన్న సాయంత్రం సుభానీ మాంసం కొట్టుకు తనే వెళ్ళి, ఎదురుగా నిలబడి కోయించి తెచ్చుకుంది.

"దాదీ, ఎన్నిసార్లు చెప్పాలి? ఇవి పని కోసం తెచ్చినవి."

"గుర్దాకి పనేంది? వేపుడు కావటమే దాని పని."

"అత్తా, ఇయ్యాలకి వదిలెయ్. నేను వేరేవి తెప్పిస్తాలే," అంది కోడలు సాబిరా, డ్యూటీ చీరకు పిన్ను పెట్టుకుంటూ.

"నువ్వూరుకోవే. సుభానీ ఏమన్నాడో తెలుసా? 'మీ మనవరాలు గుర్దాల్ని ఒత్తి చూసి, తిప్పి చూసి, బంగారం కొన్నట్టు కొన్నదమ్మా' అన్నాడు. డిగ్రీలు చదివించింది ఇందుకా? బజారంతా నవ్వుద్ది."

"నవ్వితే నవ్వనీ," అంది అంజుమ్. ఆ గొంతులో విసుగు కంటే అలసట ఎక్కువుంది. బీబీకి అది వినిపించినట్టుంది. మిరియాల డబ్బా గట్టు మీద పెట్టి, పొయ్యి కట్టేసింది. ఓడిపోయినట్టు కనపడకుండా, "కోడిగుడ్లన్నా ఉన్నయ్యా, వాటికీ ఏదన్నా పనుందా?" అంది.

అంజుమ్ గుంటూరులో ఒక పెద్ద ఆస్పత్రిలో టెక్నీషియన్. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి నుంచి, ఇంటివాళ్ళు ఒప్పుకున్నాక తీసిన కిడ్నీని మందునీళ్ళ సంచుల్లో ఉంచి, ఆ సంచుల్ని ఐసు పెట్టెలో సర్ది, కావలసిన ఊరికి పంపించడం ఆమె పని. ఒంట్లోంచి బయటికొచ్చిన కిడ్నీకి చల్లదనమే ప్రాణం. మూడేళ్ళలో అంజుమ్ సర్దిన పెట్టెలన్నీ క్షేమంగానే చేరాయి. మే నెలాఖరులో ఒకటి పోయింది.

అది తిరుపతి వెళ్ళాల్సిన కిడ్నీ. అంబులెన్సు డ్రైవరు ఏలియా. కావలి దాటాక హైవే మీద లారీ తిరగబడి రెండు గంటలు బండి కదల్లేదు. తిరుపతిలో పెట్టె తెరిచిన సర్జన్ ఇది పనికిరాదన్నాడు. ఆపరేషన్ గది గుమ్మం దాకా వెళ్ళిన నలభై ఏళ్ళ మనిషి మళ్ళీ తన బట్టలు కట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆస్పత్రివాళ్ళు విచారణ జరిపి, ఆలస్యం వల్ల పాడైందని రాసుకుని, ఏలియాను అంబులెన్సు నుంచి తప్పించి జనరేటర్ గదిలో వేశారు.

అంజుమ్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ చల్లగా ఉంటే కిడ్నీ ఇరవై గంటలైనా తట్టుకుంటుందని ఆమెకు తెలుసు. ఆ రోజు తొమ్మిది గంటలే పట్టింది. పైగా తిరుపతి నర్సు ఫోన్లో చెప్పిన మాట ఒకటి చెవిలో ఉండిపోయింది. "ఒక పక్క బానే ఉంది మేడమ్. రెండో పక్కే మెత్తబడి పోయింది." ఆలస్యానికి పాడయ్యేదైతే ఒక పక్కే ఎందుకు పాడవుతుంది?

తప్పు ఆలస్యానిదైతే ఏలియా మీద పడ్డది అలాగే ఉంటుంది. పెట్టె సర్దడంలో ఉంటే అది తనది. అది తేల్చుకోవడానికే సెలవు పెట్టి, ఆస్పత్రిలో మూల పడేసిన పాత ఐసు పెట్టె అడిగి తీసుకుని, ఇంటికి నరసరావుపేట బస్సెక్కింది. సంగతంతా రాత్రి అన్నం దగ్గర ఇంట్లో చెప్పింది. బీబీ కూడా విన్నది. విన్నా, గుర్దా గుర్దానే కదా అని ఆమె వాదన.

సాబిరా చెప్పులేసుకుంటూ కూతురి వీపు మీద చెయ్యి వేసి తీసింది. ఆమె నకరికల్లు వైపు ఒక ఊళ్ళో ఏఎన్ఎమ్. ఆ రోజు శనివారం, పిల్లలకు టీకాలు వేసే రోజు. ఉండలేదు.

సాబిరా వెళ్ళిన కాసేపటికి అంజుమ్ తండ్రి రహీమ్ షాపు నుంచి వచ్చాడు. అతనిది ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు. బాగుకొచ్చిన ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టిన ఐసు ప్యాకుల్ని గోనెసంచిలో చుట్టి తెచ్చి, నడవలో దబ్బున దించాడు.

"మైనస్ ఇరవై. రాళ్ళు. తల మీద కొడితే కుట్లు పడతయ్," అన్నాడు గర్వంగా.

"ఆ రోజువీ ఇట్టాంటివే నాన్నా."

"అయితే ఆ రోజు ఎట్టా సర్దావో అట్టానే సర్దు. కొంచెం కూడా మార్చమాక."

అంజుమ్ కింద ఒక గట్టి ప్యాకు పరిచింది. దాని మీద రెండు గుర్దాలు వేసిన ఉప్పునీళ్ళ సంచి పెట్టింది. సంచి పైన మందంగా ఐసు ముక్కలు పోసి, ఇంకో గట్టి ప్యాకు కప్పింది. మిగిలిన రెండు గుర్దాల గిన్నె మళ్ళీ ఫ్రిజ్‌లోకి వెళ్ళింది.

"రూలు ప్రకారం ఐసు ముక్కలే వెయ్యాలి," అంది. "ఈ గట్టి ప్యాకులు నా సొంత తెలివి."

"ఎందుకేశావ్?"

"నలభై ఆరు డిగ్రీల ఎండ నాన్నా ఆ రోజు. ముక్కలు ఒంగోలు దాకా కూడా ఆగవనిపించింది. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నా."

రహీమ్ నవ్వబోయి ఆగాడు. వాళ్ళది రెంటచింతల. ఎండాకాలం రోజూ పేపర్లో డిగ్రీల పక్కన పేరు పడే ఊరు. తడిగుడ్డ చుట్టిన కుండలూ, కిటికీలకు కట్టిన వట్టివేళ్ళ తడకలూ చూస్తూ పెరిగిన మనుషులు. నరసరావుపేట వచ్చి పాతికేళ్ళయినా, వీధిలో అందరికంటే ముందు కూలరు దించేది వాళ్ళే. ఎండకు భయపడటం ఒంట్లో ఇంకిపోయింది. చల్లదనానికి భయపడాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

రెండు తీగల థర్మామీటరు తెచ్చి ఒక తీగ సంచి మధ్యలో, ఇంకోటి కింది ప్యాకు వైపు పెట్టి మూత బిగించాడు. ఎనిమిదైంది.

బీబీ జపమాల పట్టుకుని మంచం మీద కూర్చుంది, పెట్టెకు కాపలా ఉన్నట్టు. "ఎంతయింది?" అని పది నిమిషాలకోసారి అడిగింది. తొమ్మిదికి నాలుగు డిగ్రీలన్నాడు రహీమ్, కిడ్నీకి సరిగ్గా కావలసినంత. "భలే, భలే" అని కూడా అన్నాడు. తొమ్మిదిన్నరకు మధ్య తీగ రెండు చూపించింది, కింది తీగ సున్నా. పదింటికి ఏమీ అనలేదు. కింది తీగ మైనస్ రెండు దగ్గర ఉంది.

"ఎంతయిందిరా?"

"తగ్గిందమ్మా."

"తగ్గితే మంచిదే గదా, మొహం అట్టా పెట్టావేంది?"

అంజుమ్ గోడకు ఆనుకుని కూర్చుని అంకెల వైపే చూస్తోంది. పదిన్నరకు మైనస్ మూడు. ఆ తర్వాత అడగడం బీబీ కూడా మానేసింది.

మూడింటికి సాబిరా వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ నడవలో మిగిలిన ప్యాకులు చూసి ఆగింది. ఒకటి తీసి, అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. పొద్దుట్నుంచీ బయటే ఉన్నందువల్ల లోపల నీళ్ళు గలగలమన్నాయి.

"పెట్టెలో వేసినప్పుడు ఇట్టా చప్పుడు చేసినయ్యా?"

"లేదమ్మీ. ఫ్రీజర్లోంచి తీసి సరాసరి వేశా."

"చెమట పట్టనీయకుండా?"

అంజుమ్ తలెత్తింది. "చెమటేంటి?"

సాబిరా సంచీ కింద పెట్టి మోకాళ్ళ మీద చేతులుంచి కూర్చుంది. కూతురికేసి చూసి, చెప్పబోయింది ఆపుకుని, "తొమ్మిది గంటలు అవనీ. తీసి చూద్దాం," అంది.

అయిదింటికి మూత తీశారు. అంజుమ్ గుర్దాలను పళ్ళెంలో వేసి కత్తితో నిలువునా చీల్చింది. పై సగాలు తాజాగా ఉన్నాయి. కింది వైపు, ప్యాకుకు ఆనుకున్న చోట, రంగు మారి, వేలుతో నొక్కితే నీరు కారుతూ మెత్తగా దిగిపోయింది. ఫ్రీజరు గోడకు అంటుకుని గడ్డకట్టి కరిగిన వంకాయ ఎలా ఉంటుందో అలా ఉంది.

రహీమ్ వంగి, తనూ వేలుతో ఒకసారి నొక్కి చూశాడు.

"ఇప్పుడన్నా వేపమంటారా?" అంది బీబీ మెల్లగా. నవ్వించడానికే అన్నది.

"దీన్ని పిల్లి కూడా ముట్టదమ్మా," అన్నాడు రహీమ్.

అంజుమ్ లేచి పెరట్లోకి పోయింది. పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు ఆగలేదు. సాబిరా వెళ్ళేసరికి కూతురు బట్టలుతికే బండ మీద కూర్చుని, కడిగిన చేతుల్నే మళ్ళీ కడుగుతోంది.

"నేనేనమ్మీ."

"ఊఁ."

"ఆలస్యం కాకపోయినా పోయేది. కావలి దాకా కూడా బతికి ఉండదు అది. రెండు గంటల్లోనే పోయింది. ఏలియా అన్న బండి ఆ లారీ దగ్గర ఆగకముందే చంపేసుంటా."

సాబిరా పంపు కట్టేసి పక్కన కూర్చుంది. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో," అంది, "కామెర్ల టీకా కొత్తగా వచ్చింది. ఎండాకాలం. మందు పాడైపోద్దేమోనని ఫ్రీజరు ప్యాకులు తీసినవి తీసినట్టే సర్దుకుని పోయినా. ఊళ్ళోకి పోయి చూస్తే సీసాలన్నీ గడ్డకట్టినయ్. మధ్యానానికి కరిగినయ్ గానీ, మా డాక్టరమ్మ ఒకటి ఊపి చూసి, 'ఇది చచ్చిన మందు, పారబొయ్' అన్నది. అప్పుడు నేర్పించింది ఆమె. ప్యాకు తీసి బల్ల మీద పెట్టాలి. చెమట పట్టాలి. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు కదలాలి. అప్పుడది సున్నా దగ్గర నిలబడుద్ది, కిందికి దిగదు. ఇరవై రెండేళ్ళుగా ఊపకుండా ఒక్క ప్యాకు కూడా సర్దలా."

"నిన్నేమీ అన్లేదా వాళ్ళు?"

"పై ఆఫీసువాళ్ళు అడిగారు, ఎట్టా అయిందని. కరెంటు పోయి వచ్చిందండీ, ఫ్రిజ్ పిచ్చిపట్టినట్టు చేసింది అన్నా. నమ్మారు."

అంజుమ్ తల్లి మొహం వైపు చూసింది. ఇలాంటిది ఆమె నోట ఎన్నడూ వినలేదు.

"కరెంటుకు పెళ్ళాం పిల్లలు లేరు గదా," అంది సాబిరా లేస్తూ. "దాన్ని ఎవురూ పన్లోంచి తీసెయ్యలా. అందుకని నాకు నిద్రపట్టింది."

లోపలికెళ్ళి టీ పెట్టింది.

ఆదివారం పొద్దున్నే, రాత్రంతా మళ్ళీ షాపు ఫ్రీజర్లో పెట్టి తెచ్చిన ప్యాకులు వంటింటి గట్టు మీద వరసగా పడుకున్నాయి. గుడ్డ పరిచి, వాటికి చెమట పడుతుంటే నలుగురూ చుట్టూ నిలబడ్డారు. రహీమ్ ప్రతి అయిదు నిమిషాలకూ ఒకటి తీసి ఊపుతున్నాడు.

"ఏంది, బిడ్డ పుట్టినట్టు ఎత్తుకుని ఊపుతున్నావ్? కింద పెట్టు," అంది సాబిరా.

"ముప్పై ఏళ్ళ నుంచి ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నానే నేను."

"చేస్తే? దాన్లో పెట్టింది ఏమవుద్దో నీకేం తెలుసు?"

అరగంటకు మొదటి ప్యాకు గలగలమంది. బీబీ లాక్కుని తన చెవి దగ్గర పెట్టుకుంది. కుడి చెవికి వినపడదు కాబట్టి ఎడమ చెవికి మార్చింది. "వస్తంది, వస్తంది," అంది, మొహం వెలిగిపోయి. అంజుమ్ ఈసారి ప్యాకులకూ సంచికీ మధ్య మందపాటి గుడ్డ మడత కూడా వేసింది. మిగిలిన రెండు గుర్దాలు లోపలికి వెళ్ళాయి.

కింది తీగ ఆరు నుంచి నాలుగుకు దిగింది. మూడుకు దిగింది. అక్కడ నిలబడింది. బయట జూన్ ఎండ గేటు ఇనుము ముట్టుకోనివ్వడం లేదు. పెట్టెలో మాత్రం మూడు, మూడున్నర, నాలుగు. మధ్యాహ్నం రహీమ్ పెట్టెను షాపు స్కూటరు మీద కట్టుకుని, ఆ ఎండలో కోటప్పకొండ దాకా పోయి వచ్చాడు. కిడ్నీ ఇంట్లో కూర్చుని ఉండదుగా, రోడ్డు మీద పోవాలిగా అని అతని లెక్క. తిరిగొచ్చేసరికి అతని మొహం కందిపోయింది. పెట్టె నాలుగు దాటలేదు. సాయంత్రం తీసి కోస్తే గుర్దా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రంగు, ఒకే గట్టితనం.

అంజుమ్ ఊపిరి వదిలింది. తర్వాత ఆ పళ్ళెం ముందే కూర్చుండిపోయింది. పద్ధతి దొరికింది. దాంతోపాటు ఆ తప్పు ఎవరిదో కూడా తేలిపోయింది.

సోమవారం గుంటూరు నుంచి ఫోను చేసింది. ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరు శ్రీకాంత్ అంకెలన్నీ చూశాడట. ప్యాకు తనే ఊపి విన్నాడట. ఇకనుంచి ప్రతి పెట్టెలో థర్మామీటరు ఉండాలనీ, ప్యాకు చప్పుడు చేశాకే సర్దాలనీ కాగితం మీద రాసి గోడకు అంటించాడట. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మా అమ్మ ఏఎన్ఎమ్ అని చెప్పిందట.

"మంచిదే," అంది సాబిరా. "ఆయనకు అంతా చెప్పావా?"

"పద్ధతి చెప్పానమ్మీ."

"పద్ధతేనా?"

"పద్ధతే," అంది అంజుమ్.

సాబిరా రెట్టించలేదు.

బుధవారం ఒక కిడ్నీ విశాఖపట్నం వెళ్ళింది. పొద్దున ఏడింటికి అంజుమ్ పెట్టె మూసింది. ఆ సంగతి మెసేజ్ పెట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే ఉన్నారు గానీ, రహీమ్ రెండుసార్లు ఒకే కంప్రెసర్ విప్పాడు. బీబీ నమాజు తర్వాత ప్రతిసారీ ఇంకొంచెంసేపు చేతులు చాచి కూర్చుంది. నాలుగింటికి పెట్టె చేరిందన్నారు. థర్మామీటరు మూడుకూ అయిదుకూ మధ్యనే ఉందన్నారు. రాత్రికి ఆపరేషన్ అయిందన్నారు. అసలు కబురు గురువారం మధ్యాహ్నం వచ్చింది.

"అమ్మీ, మూత్రం వచ్చింది! కొత్త కిడ్నీ పనిచేస్తంది. పొద్దుట్నుంచీ సంచి నిండుతుందంట!"

సాబిరా సబ్‌సెంటర్ అరుగు మీద అలాగే కూర్చుండిపోయింది. బీపీ చూపించుకోవడానికి వచ్చిన వెంకటరమణమ్మ, "ఏందమ్మా, ఏడుస్తన్నావా నవ్వుతన్నావా?" అంది. "నాకే తెలవట్లా పెద్దమ్మా," అంది సాబిరా. ఇంటికి ఫోను చేసి చెబితే బీబీ ముందు అల్హందులిల్లా అనుకుంది. తర్వాత, "ఎవరో మూత్రం పోస్తే ఇంత సంబరపడే రోజొస్తదనుకోలా," అంది.

శుక్రవారం సాయంత్రం అంజుమ్ ఇంటికొచ్చింది. సుభానీ కొట్టు నుంచి ఈసారి బీబీయే గుర్దాలు తెప్పించింది, పావుకిలో కాలేయం కూడా కలిపి. నూరిన మిరియాలు, అల్లం, చివర్లో నిమ్మకాయ. వాసన వీధి చివరిదాకా పోయింది. నడవలో చాప పరిచి నలుగురూ కూర్చున్నారు.

"ముందు ఇది చెప్పు," అంది బీబీ, మనవరాలి పళ్ళెంలో వడ్డిస్తూ. "ఆ విశాఖపట్నం మనిషి ఆడా మగా?"

"ఆడమనిషి. ఇద్దరు పిల్లలంట."

"మనం ఊపిన ఐసే అని తెలుసా ఆమెకి?"

"తెలీదు దాదీ. నువ్వు ఊపింది గుర్దాల పెట్టెలోది, ఇది వేరు."

"అదేలే. ఊపటం మొదలుపెట్టింది ఎవరు?"

"నేను," అంది సాబిరా.

"నాలుగు గంటలు ఎండలో తిప్పింది నేను," అన్నాడు రహీమ్.

"నాలుగు గంటలా? మధ్యలో కొండ కింద కూర్చుని రెండు సోడాలు తాగొచ్చావ్, నాకు తెలవదా?" అంది సాబిరా.

అందరూ నవ్వారు. అంజుమ్ కూడా నవ్వింది. నవ్వు మొహం మీద ఎక్కువసేపు నిలవలేదు.

"నిన్న ఏలియా అన్న కనపడ్డాడు," అంది. "జనరేటర్ గది ముందు. చేతిలో డీజిలు డబ్బా. నన్ను చూసి డబ్బా కింద పెట్టి దగ్గరకొచ్చాడు. 'నీ పెట్టె భలేగా చేరిందంటగా చెల్లెమ్మా, నా బండిలో పోయినా బాగుండేది, ఆ లారీ నా నోట్లో మన్ను కొట్టింది' అన్నాడు."

రహీమ్ తినడం ఆపాడు. సాబిరా నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే ఉంది.

"నువ్వేమన్నావే?" అంది బీబీ.

"ఏమన్లా. చెయ్యి ఊపి వచ్చేశా." అంజుమ్ రొట్టె తుంచింది. వేపుడులో అద్దింది. నోట్లో పెట్టుకోకుండా మళ్ళీ పళ్ళెంలో ఉంచింది. చాప అంచు దగ్గరున్న తన సంచీని ఒకసారి చూసింది. అందులోంచి మడత పెట్టిన తెల్లకాగితం అంచు కనపడుతోంది.

"సోమవారం నేను సూపరింటెండెంట్ గారికి కాగితం ఇస్తున్నా," అంది. గొంతు పెంచలేదు. ఒక్కొక్కరి వైపూ చూసి, అందరూ వింటున్నారని తెలిశాక చెప్పింది. "తిరుపతి కిడ్నీ ఏలియా అన్న వల్ల పోలేదు. రూలులో లేని ప్యాకులు నేను వేశాను, దానివల్ల పోయింది. అట్టానే రాశా. ఆయన్ని మళ్ళీ బండి మీద పెట్టమని కూడా రాశా. నన్నేం చేస్తారో వాళ్ళిష్టం."

అని, పళ్ళెంలో ఉంచిన ముక్క తీసుకుని తినడం మొదలుపెట్టింది.